నూరు గజాల లోపల: మన గట్టి నేలకు ఏ వెడ్జ్, ఏ షాట్?

పోయిన ఎండాకాలం మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, 60 డిగ్రీల వెడ్జ్ కొందామనుకుంటున్న. ఏ కంపెనీది మంచిగుంటది?" అని అడిగాడు. వెడ్జ్ అంటే గోల్ఫ్‌లో దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే క్లబ్ (బంతిని కొట్టే కర్ర). అతను గోల్ఫ్ మొదలుపెట్టి రెండేళ్లవుతోంది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి ఆడతాడు. మిగతా రోజుల్లో సాయంత్రం పూట ఊరి బయట బీడు చెలకలో బంతులు కొడతాడు. కంపెనీ పేరు చెప్పే ముందు నేను రెండు విషయాలు అడిగాను. నీ సెట్‌లో పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్, అంటే బంతిని కొట్టే ముఖం వెనక్కి వాలిన కోణం, ఎన్ని డిగ్రీలు? దాంతో కొడితే బంతి గాలిలో ఎన్ని గజాలు పోయి నేలను తాకుతుంది? రెండింటికీ అతని దగ్గర జవాబు లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ ఆట నేర్చుకుంటున్న చాలామందిలో నేను చూసింది ఇదే. ఆ రోజు గంటసేపు ఫోన్‌లో చెప్పిన మాటలను కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన అంచనాలు సరిగ్గా ఉండాలి. పీజీఏ టూర్‌లో (అమెరికాలో ప్రొఫెషనల్ల పోటీలు) ఆడేవాళ్లు కూడా 18 గ్రీన్లలో (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) సగటున 12 దాకానే లెక్క ప్రకారం, అంటే ఆ గుంతకు లెక్కగట్టిన దెబ్బల్లో రెండు మిగిలి ఉండగానే, అందుకుంటారు. 100 నుంచి 125 గజాల దూరం నుంచి కొట్టినప్పుడు వాళ్ల బంతి సగటున పిన్‌కు (గుంతలో నిలిపిన జెండా కర్రకు) 20 అడుగుల దూరంలో ఆగుతుంది. టీవీలో చూపించేది అంతకంటే దగ్గరగా పడిన షాట్లనే కాబట్టి మనకు వేరేగా అనిపిస్తుంది. వారానికోసారి ఆడేవాళ్లకు ఆ దూరం నుంచి బంతి గ్రీన్ మీద ఎక్కడ ఆగినా మంచి షాటే. టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క స్ట్రోక్ (ఒక్క దెబ్బ) తేడాతో కంచు పతకం పోయింది. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) దూరంలో ఆమె మిగతావాళ్ల కంటే చాలా వెనక ఉంది. ఆమెను అక్కడిదాకా తెచ్చింది గ్రీన్ చుట్టూ ఆడిన ఆట, పటింగ్ (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడం).

డబ్బు ముందు దేనికి పెట్టాలి?

కొత్త బ్రాండెడ్ వెడ్జ్ ఒక్కటి కొనాలంటే పది వేలు దాటుతుంది. అదే డబ్బుతో కోచ్ దగ్గర కొన్ని క్లాసులు తీసుకోవచ్చు. లేదా రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే మైదానం) రెండు మూడు గంటలు కూర్చుని, ఏ క్లబ్ ఎంత దూరం పోతుందో కొలిచి రాసుకోవచ్చు. దీనికి దాదాపు ఖర్చే లేదు. నా సలహా స్పష్టం: ముందు కొలత, తర్వాత కోచ్, ఆఖరున వెడ్జ్. టైలర్‌కు కొలతలు ఇవ్వకుండా షర్టు కుట్టమని చెప్పం కదా, ఇది కూడా అంతే. దూరాలు తెలియకుండా కొన్న వెడ్జ్ ఏ ఖాళీని నింపుతుందో ఎవరూ చెప్పలేరు.

కోచ్ దగ్గరికి వెళ్లే వీలు లేకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. ఛాతీకి ఎదురుగా ఒకటి, బంతి పోయే దారి వెంట వెనక నుంచి ఒకటి. చిన్న ఐరన్లలో (లోహపు తల, అంకెల పేర్లు ఉన్న క్లబ్బులు, అంకె పెరిగితే లాఫ్ట్ పెరుగుతుంది) మనవాళ్ల పెద్ద తప్పు ఎదురు నుంచి తీసిన వీడియోలో వెంటనే కనిపిస్తుంది. బంతిని పైకి లేపాలని మణికట్టు ముందే విదిలిస్తారు, బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది. అప్పుడు క్లబ్ బంతికి వెనక నేలను కొడుతుంది, లేదా దాని అంచు బంతి నడుముకు తగిలి బంతి గ్రీన్ దాటి దూసుకుపోతుంది. బంతిని లేపే పని లాఫ్ట్ చూసుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్లు బరువును ఎడమకాలి మీదికి తెచ్చి, ముందు బంతిని, తర్వాత నేలను కొడితే చాలు.

ఎన్ని వెడ్జ్‌లు, ఏ డిగ్రీలు?

బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదని నియమం. ఒకప్పుడు పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ 48 డిగ్రీల దగ్గర ఉండేది. ఇప్పుడు ఎక్కువ దూరం పోవాలని కంపెనీలు లాఫ్ట్ తగ్గిస్తూ వచ్చాయి. కొత్త సెట్లలో అది 43 నుంచి 46 డిగ్రీల మధ్య ఉంటోంది. క్లబ్ మీద 'పీ' అన్న అక్షరం మాత్రం మారలేదు, అందుకే చాలామందికి ఈ తేడా తెలియదు. సాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి బంతిని లేపేది) ఎప్పటిలా 54 నుంచి 56 దగ్గరే ఉంది. అంటే రెండింటి మధ్య 10, 12 డిగ్రీల ఖాళీ ఏర్పడింది.

మిర్యాలగూడ తమ్ముడు కొలిచి చూస్తే ఇదే బయటపడింది. పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలు, దూరం 110 గజాలు. సాండ్ వెడ్జ్ 56 డిగ్రీలు, దూరం 80 గజాలు. మధ్యలో 30 గజాల ఖాళీ. 95 గజాల షాట్ వచ్చిన ప్రతిసారీ అతను పిచింగ్ వెడ్జ్‌ను భయపడుతూ మెల్లగా కొడుతున్నాడు, లేదా సాండ్ వెడ్జ్‌ను బలమంతా పెట్టి బాదుతున్నాడు. అతనికి కావలసింది 60 కాదు, 50. వెడ్జ్‌కు వెడ్జ్‌కు 4 నుంచి 6 డిగ్రీల తేడా ఉంటే దూరాలు 10–15 గజాల మెట్లుగా వస్తాయి. మీ పిచింగ్ వెడ్జ్ 46 అయితే 51 లేదా 52, దాని తర్వాత 56 బాగా కుదురుతాయి. పాత సెట్‌తో ఆడుతూ మీది 48 అయితే మధ్యలో ఇంకొకటి అవసరమే లేదు, ఒక 54 చాలు.

ఇక 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ సంగతి. నేనూ ఒకటి కొన్నాను, రెండేళ్లు మోశాను. బంకర్ (ఇసుక గుంత) అంచుకు దగ్గరగా పిన్ ఉన్నప్పుడు, బంతి కింద మెత్తటి గడ్డి పరుపులా ఉన్నప్పుడు దాంతో అందమైన షాట్ వస్తుంది. కానీ అలాంటి సందర్భం రౌండ్‌కు ఒకసారి వస్తే గొప్ప. మిగతా అన్నిచోట్లా అది నాకు స్ట్రోకులు పోగొట్టింది, ఎందుకంటే లాఫ్ట్ పెరిగినకొద్దీ చిన్న పొరపాటుకు కూడా శిక్ష పెరుగుతుంది. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, ఎక్కువుంటే ఆట తక్కువని) 18 పైన ఉన్నవాళ్లకు, వారానికి ఒక్కసారైనా దాన్ని సాధన చేయలేనివాళ్లకు నేను 60 వద్దనే చెబుతాను.

బౌన్స్: మన నేలకు సంబంధించిన అసలు ఎంపిక

షాపుల్లో అందరూ లాఫ్ట్ గురించే అడుగుతారు. మన ప్రాంతంవాళ్లు దాని పక్కన ఉన్న రెండో అంకెను చూడాలి. వెడ్జ్ మీద 56–10 అని ఉంటే 10 అనేది బౌన్స్. క్లబ్ ముందు అంచు కంటే అడుగు భాగం ఎంత కిందికి వాలి ఉందో చెప్పే కోణం అది. నాకు ఇది బాగా అర్థమైంది మా నాయన పార పట్టడం చూసిన తర్వాతే. "పారను నిలబెట్టి కొడితే దిగుతది, వాల్చి తోస్తే జారుతది" అనేవాడు కాలువ చెక్కేటప్పుడు. బౌన్స్ తక్కువున్న వెడ్జ్ నిలబెట్టిన పార. బౌన్స్ ఎక్కువున్నది వాల్చిన పార, మెత్తటి మట్టిలో, ఇసుకలో దిగబడకుండా జారిపోతుంది.

జీన్ సరాజెన్ అనే అమెరికన్ ఆటగాడు 1930ల మొదట్లో తన నిబ్లిక్ (ఎక్కువ లాఫ్ట్ ఉన్న పాతకాలపు ఐరన్) అడుగున లోహం అతికించి, అడుగు భాగాన్ని కిందికి వాలేలా చేసుకున్నాడు. 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు దాన్నే బంకర్లలో వాడాడు. ఇప్పటి సాండ్ వెడ్జ్‌కు మూలం అదే.

స్థూలంగా 4–6 తక్కువ బౌన్స్, 7–10 మధ్యరకం, ఆపైన ఎక్కువ. గట్టి నేలకు తక్కువ, మెత్తటి నేలకు, ఇసుకకు ఎక్కువ అని అందరూ చెబుతారు. ఆ మాట నిజమే కానీ మన విషయంలో ఒక చిక్కు ఉంది. మనం సాధన చేసేది ఒక నేల మీద, ఆడేది ఇంకో నేల మీద. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో ఎర్ర చెలక సిమెంటు గచ్చులా ఉంటుంది. ఎక్కువ బౌన్స్ ఉన్న వెడ్జ్ దాని మీద ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. ఆదివారం హైదరాబాద్ వెళ్తే అక్కడ నీళ్లు పెట్టి పెంచిన ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి), గ్రీన్ చుట్టూ దట్టమైన గడ్డి, బంకర్లలో ఇసుక. అక్కడ తక్కువ బౌన్స్ వెడ్జ్ గడ్డిలో ఇరుక్కుంటుంది, ఇసుకలో కూరుకుపోతుంది.

ఈ గడ్డి గురించి ఒక మాట చెప్పాలి. గోల్ఫ్ కోర్సుల్లో బెర్ముడా అని పిలిచేది మన గరికే. వినాయకచవితికి దేవుడి ముందు పెట్టే ఆ గరిక జాతినుంచే కోర్సులకు తగిన సన్నని రకాలను తయారుచేశారు. గట్ల మీద గరిక పీకినవాళ్లకు దాని పట్టు తెలుసు. అది నేల మీద పాకుతూ ఒకవైపు వాలి పెరుగుతుంది. క్లబ్ పోయే దారికి ఎదురుగా వాలి ఉంటే ముందు అంచును పట్టేసుకుంటుంది. అలాంటిచోట కాస్త బౌన్స్ ఉన్న వెడ్జే కాపాడుతుంది.

అందుకే మన ప్రాంతం నుంచి వెళ్లి ఆడేవాళ్లకు నేను చెప్పేది మధ్యరకం. సాండ్ వెడ్జ్‌కు 10 దగ్గర, మధ్య వెడ్జ్‌కు 8 దగ్గర. మీ స్వింగ్ నిటారుగా దిగి పెద్ద పెద్ద మట్టిపెళ్లలు లేపేదైతే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ తీసుకోండి. గడ్డిని దువ్వినట్టు పోయే స్వింగ్ అయితే కాస్త తక్కువ తీసుకోండి. నెలకు ఒకటి రెండుసార్లు కోర్సుకు వెళ్లేవాళ్లు చెలక కోసం వెడ్జ్ కొనకూడదు, కోర్సు కోసమే కొనాలి. ఎందుకంటే చెలక మీద సమస్యను చేతులతో కొంత సర్దుకోవచ్చు. షాఫ్ట్‌ను (క్లబ్ కాడను) ఎంత ముందుకు వాల్చితే బౌన్స్ అంత తగ్గుతుంది. 10 డిగ్రీల బౌన్స్ వెడ్జ్‌ను 5 డిగ్రీలు ముందుకు వాల్చి పట్టుకుంటే అది 5 డిగ్రీల వెడ్జ్‌లా పనిచేస్తుంది. ఫేస్ తెరిస్తే (బంతిని కొట్టే ముఖాన్ని ఆకాశం వైపు తిప్పితే) బౌన్స్ పెరుగుతుంది, బంకర్‌లో ముందు ఫేస్ తెరిచి, తర్వాత గ్రిప్ పట్టుకోమనేది అందుకే. బంతిని మరీ వెనక పాదం దగ్గర పెట్టుకుని, చేతులు బాగా ముందుకు నెట్టి ఆడేవాళ్లు తెలియకుండానే బౌన్స్ అంతా తీసేస్తున్నారు. వాళ్ల వెడ్జ్ ప్రతిసారీ పొడుచుకోవడానికి కారణం అదే.

ఎగరేయాలా, ఉరికించాలా?

ఒకసారి గ్రీన్‌కు నాలుగు అంగల దూరంలో, గడ్డి పలచబడిన గట్టి చోట నా బంతి ఆగింది. నేను సాండ్ వెడ్జ్ తీస్తుంటే కేడీ (బ్యాగు మోసే మనిషి) ఆపాడు. "సార్, ఇక్కడ లేపొద్దు. తొమ్మిది తీసుకోండి, ఉరికిద్దాం" అన్నాడు. 9 ఐరన్‌తో పటింగ్ చేసినట్టు చిన్నగా కొట్టాను. బంతి గ్రీన్ మీద పడి దొర్లుకుంటూ వెళ్లి పిన్‌కు ఒక చేయి దూరంలో ఆగింది. అప్పటినుంచి గ్రీన్ పక్కన నేను మొదట చూసేది, ఇక్కడ ఉరికించడానికి దారి ఉందా అనే. లేదని తేలాకే వెడ్జ్ గురించి ఆలోచిస్తాను.

ఉరికించే షాట్‌కు లెక్క సులువు. సమంగా ఉన్న గ్రీన్ మీద పిచింగ్ వెడ్జ్‌తో కొడితే బంతి గాలిలో ఒక వంతు పోతే నేల మీద సుమారు రెండు వంతులు దొర్లుతుంది. 9 ఐరన్‌తో మూడు వంతులు, 8 ఐరన్‌తో నాలుగు వంతులు. బంతి నుంచి గ్రీన్ లోపల దిగాల్సిన చోటికి 4 అంగలు, అక్కణ్నుంచి పిన్‌కు 12 అంగలు ఉంటే 9 ఐరన్ తీసుకోవాలి. గ్రీన్ ఎత్తుకు పోతుంటే ఇంకాస్త తక్కువ లాఫ్ట్, పల్లానికి పోతుంటే ఎక్కువ. పాదాలు దగ్గరగా పెట్టి, బరువు ఎడమవైపు ఉంచి, మణికట్టు కదపకుండా ఊపితే సరిపోతుంది. కాస్త తప్పు తగిలినా బంతి ముందుకే దొర్లుతుంది, అదే ఈ షాట్‌లో గొప్పతనం.

దారిలో బంకర్ అడ్డం ఉంటే, గ్రీన్ అంచుకే పిన్ ఉంటే, బంతి మందపాటి గడ్డిలో కూర్చుని ఉంటే మాత్రం వెడ్జ్‌తో లేపాల్సిందే. ఎండాకాలం గ్రీన్లు గట్టిపడినప్పుడు ఉరికించే షాటే మేలు. వానాకాలంలో గ్రీన్ ముందు నేల తడిసి మెత్తగా ఉంటే బంతి అక్కడే ఆగిపోతుంది, అప్పుడు నేరుగా గ్రీన్ మీదికి ఎగరేయడమే నయం.

ఫుల్ స్వింగా, ముప్పావు స్వింగా?

ఇందులో నాకు సందేహం లేదు, 9 ఐరన్‌కు, వెడ్జ్‌లన్నిటికీ ముప్పావు స్వింగే. వెడ్జ్‌ను బలంగా కొడితే దూరం పెద్దగా పెరగదు, బంతి ఇంకా పైకి లేచి గాలికి దొరుకుతుంది, దిశ కూడా చెడుతుంది. ఎడమచేయి నడుము దాకా, ఛాతీ దాకా, భుజం దాకా అని మూడు కొలతలు పెట్టుకోండి. మూడు వెడ్జ్‌లకు మూడేసి కొలతలంటే తొమ్మిది దూరాలు చేతికి వస్తాయి. వాటిని చిన్న కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోండి. నాలుగో వెడ్జ్ కొనడం కన్నా ఈ కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది.

మృగశిర కార్తె గాలులు మొదలయ్యాక ఇది మరీ అవసరం. ఎదురుగాలిలో 9 ఐరన్‌ను బలంగా కొట్టే బదులు 8 ఐరన్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని మెల్లగా కొట్టండి. లాఫ్ట్ తక్కువ, స్పిన్ తక్కువ, బంతి తగ్గు ఎత్తులో పోయి గాలికి ఆగిపోకుండా గ్రీన్ చేరుతుంది.

క్లబ్ తల ఎలా ఉండాలన్నది త్వరగా తేల్చేద్దాం. వెనక భాగం తొలిచి బరువును అంచులకు పంచిన క్యావిటీ బ్యాక్ రకం, బంతి ఫేస్ మధ్యలో తగలకపోయినా దూరాన్ని అంతగా పోనివ్వదు. బ్లేడ్ రకం (వెనక తొలవనిది) ఫేస్ తెరిచి రకరకాలుగా ఆడేవాళ్లకు నచ్చుతుంది. క్లీవ్‌లాండ్ సీబీఎక్స్ లాంటి వెడ్జ్‌లు క్యావిటీతో వస్తాయి, కొత్తవాళ్లు అటువైపు చూడటం మంచిది. ఫోర్జ్ చేసినదైతే (లోహాన్ని సాగగొట్టి మలిచినదైతే) ఎక్కువ స్పిన్ వస్తుందన్నది అపోహ. స్పిన్ వచ్చేది గాడుల పదును, ఫేస్‌కు బంతికి మధ్య తడి, గడ్డి లేకుండా తగలడం, బంతి పైపొర వల్ల. యురేతేన్ (మెత్తటి ప్లాస్టిక్) పొర ఉన్న బంతులు గ్రీన్ దగ్గర బాగా ఆగుతాయి కానీ ఖరీదు ఎక్కువ. ఎప్పుడూ ఒకే రకం బంతితో ఆడితే చాలు, రౌండ్‌లో మూడు రకాలు మారిస్తే ఏ కొలతా నిలబడదు.

సాధన: మ్యాట్ మీదా, మట్టి మీదా?

రేంజ్‌లో మ్యాట్ మీద కొడితే ఒక ప్రమాదం ఉంది. క్లబ్ బంతికి రెండు అంగుళాల వెనక పడినా మ్యాట్ మీద జారి బంతికి తగులుతుంది, షాట్ బాగానే పోతుంది. తప్పు మనకు తెలియదు. చెలక వెంటనే చెబుతుంది. కానీ ఎండిన చెలక మీద ఫుల్ స్వింగ్ చేస్తే మణికట్టు దెబ్బతింటుంది, గులకరాళ్లు ఫేస్‌ను గీకేస్తాయి. అందుకని చెలక మీద పాత క్లబ్‌తో చిన్న చిప్‌లు (గ్రీన్ పక్క నుంచి ఆడేలాంటి చిన్న షాట్లు), సగం స్వింగ్‌లు మాత్రమే చేయండి. ఫుల్ స్వింగ్ మ్యాట్ మీదో, కోర్సు మీదో చేయండి. పల్లీ తీసిన తర్వాత వదులుగా ఉన్న ఎర్రమట్టి దొరికితే అది బంకర్ సాధనకు బాగా పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ముగ్గు గీత. నీళ్లు చల్లి కాస్త మెత్తబడిన నేల మీద ముగ్గుపిండితో రెండు గజాల గీత గీసి, బంతి లేకుండా, ఆ గీతకు అటు ఇటు కాళ్లు పెట్టి వెడ్జ్ ఊపండి. క్లబ్ మట్టిని తాకిన గుర్తు గీత మీద మొదలై ముందుకు పోవాలి. గీతకు వెనక మొదలైతే బరువు వెనకే ఉందన్నమాట. పదిసార్లలో ఏడుసార్లు సరిగ్గా వచ్చాకే బంతి పెట్టండి. దిగే చోటు సాధనకు ఒక గంపను దూరంగా పెట్టి అందులో బంతి పడేలా చూడండి. గోల్ఫ్ బంతి రాయిలాంటిది, గొర్లకాపరులూ పశువులూ తిరిగే వేళల్లో చిప్‌లకు మించి కొట్టకండి.

వీలున్నవాళ్లు బోరు దగ్గర పది అడుగుల మడిలో గరిక నాటండి. మా బత్తాయి తోట పక్కన నేను శ్రావణంలో నాటితే దీపావళి నాటికి అల్లుకుపోయింది. వారానికోసారి కత్తిరిస్తే చాలు, కోర్సులో గ్రీన్ పక్కన ఉండే గడ్డి లాగానే బంతి దాని మీద కూర్చుంటుంది.

సెకండ్ హ్యాండ్ వెడ్జ్ కొనేవాళ్లు ఫేస్ మధ్యలో గాడుల మీద గోరు అడ్డంగా గీయండి. గోరు ప్రతి గాడికీ పట్టుకోవాలి. నున్నగా జారితే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. అడుగు భాగం అరిగి చదునైతే అంకె 10 అని ఉన్నా ఆ బౌన్స్ అందులో మిగిలి ఉండదు. లాఫ్ట్‌ను ఎవరైనా వంచారేమో కూడా అడగండి. మిర్యాలగూడ తమ్ముడు ఇవన్నీ చూసుకుని 50 డిగ్రీలది, 8 బౌన్స్ ఉన్నది పాతదే తీసుకున్నాడు. మొన్న కలిసినప్పుడు 95 గజాల షాట్ వస్తే ఛాతీ కంటే కొంచెం పైకి ఊపి ఆగాడు. బంతి గ్రీన్ మధ్యలో పడింది.